గుర్తు, ఆనవాలు, పరీక్ష: డిమెన్షియా సంరక్షణ దృష్టితో కొన్ని కథాసన్నివేశాల పరిశీలన

మతిమరుపు ముదిరిన వృద్ధులను చూడటానికి వచ్చిన బంధువులు సాధారణంగా వేసే మొదటి ప్రశ్న ఒకటే: "నేనెవరో గుర్తుపట్టావా?" ప్రశ్నలో ఆప్యాయత ఉంది. అడిగినవారు మేనల్లుడో, చిన్నప్పుడు చంకనెత్తుకొని తిప్పిన పక్కింటి పిల్లో అయి ఉంటారు. జవాబు రాకపోతే అదే ప్రశ్న రెండోసారి, కొంచెం గట్టిగా వినబడుతుంది. అప్పటికీ రాకపోతే పక్కనున్నవారు పేరులో మొదటి అక్షరం అందిస్తారు. చివరకు "పాపం, ఏమీ గుర్తులేదు" అనే తీర్పు ఆ మనిషి ఎదుటే వెలువడుతుంది. ఈ కొద్దిపాటి సంభాషణలో ఒకరు పరీక్షకులు, మరొకరు పరీక్షార్థి. ఎవరిది ఏ స్థానమో మాట మొదలు కాకముందే నిర్ణయమైపోయింది.

తెలుగు పాఠకునికి చిరపరిచితమైన కథల్లో ఈ స్థానాలు ఎలా ఏర్పడ్డాయో, ఎక్కడ తారుమారయ్యాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వృద్ధాప్యాన్ని చిత్రించిన కథలకు ఆధునిక తెలుగులో కొరత లేదు. అయితే వాటిలో ఎక్కువ భాగం దూరాన ఉన్న పిల్లలు, ఆస్తి తగాదా, వృద్ధాశ్రమం చుట్టూ అల్లుకున్నవి. ఆ కథల్లోని వృద్ధులు తమ బాధను తామే చెప్పుకోగలరు. శ్రీరమణ ‘మిథునం’ దంపతులు ఆదర్శ వార్ధక్యానికి పర్యాయపదం కావడానికి వారి అన్యోన్యత ఎంత కారణమో, వారి నిక్షేపమైన జ్ఞాపకశక్తీ అంతే కారణం. అప్పదాసు, బుచ్చిలక్ష్మి పోట్లాడుకోగలిగేది ఇద్దరికీ పాతవన్నీ గుర్తున్నందువల్లే. ఇద్దరిలో ఒకరికి ఆ పాతదంతా చెరిగిపోతే మిథునం ఏమవుతుందన్న ప్రశ్నను ఆ కథ వేయలేదు. వేయవలసిన అవసరమూ దానికి లేదు. ఆధునిక కథలో ఈ ప్రశ్నకు చాలినంత చోటు దొరకనందువల్ల పరిశీలన ఇంకా వెనక్కి, మరుపునే ఇతివృత్తంగా చేసుకున్న ప్రాచీన కథల వైపు వెళ్ళవలసి వస్తోంది.

గుర్తు: శబ్దం, అర్థం

తెలుగులో ‘గుర్తు’ అన్న మాట రెండు పనులు చేస్తుంది. లోపల నిలిచిన జ్ఞాపకమూ గుర్తే, బయట కనబడే చిహ్నమూ గుర్తే. "ఆ ఊరు నాకు గుర్తుంది" అన్నప్పుడు మొదటి అర్థం, "పొలం గట్టున రాయి పాతి గుర్తు పెట్టాడు" అన్నప్పుడు రెండో అర్థం. గుర్తుచేయడం, గుర్తుపట్టడం, గుర్తింపు అనే మాటలన్నీ ఈ రెండు అర్థాల మధ్య రాకపోకలు సాగించేవే. ఎన్నికల్లో అభ్యర్థి పేరు పక్కన ఉండే బొమ్మ కూడా గుర్తే. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లోనే ఈ దేశం అక్షరం రాని ఓటరుకు బొమ్మను అందించి, ఒక శక్తి లేనిచోట ఒక చిహ్నాన్ని నిలబెట్టవచ్చునని ఒప్పుకుంది. అందుకోసం ఓటరును ఎవరూ చులకన చేయలేదు. స్నానాలగది తలుపు మీద బొమ్మ అతికించడం, మాత్రల డబ్బాకు వారాల పేర్లు రాయడం, మంచానికి ఎదురుగా పెద్ద అంకెల క్యాలెండరు వేలాడదీయడం ఇదే కోవకు చెందిన పనులు.

వ్యాకరణంలో ఇంకొక విశేషం ఉంది. జ్ఞాపకం ఉండటాన్ని తెలుగు చతుర్థితో చెబుతుంది: నాకు గుర్తుంది, నాకు జ్ఞాపకముంది, తెలంగాణలో నాకు యాదికున్నది. మరవడాన్ని మాత్రం ప్రథమతో చెబుతుంది: నేను మరిచిపోయాను, నేను యాదిమరిచిన. జ్ఞాపకం మనిషికి కలిగేది. మరుపు మనిషి చేసేది. "నాకు గుర్తులేదు" అనే ప్రయోగం ఉన్నా, ఎదుటివారిని నిందించేటప్పుడు అది చాలదు. "మందు వేసుకోవడం మళ్ళీ మరిచిపోయావా" అన్న వాక్యంలో కర్త ఉన్నాడు, క్రియ ఉంది, కాబట్టి తప్పు కూడా ఉంది. వాక్యనిర్మాణమే మనుషుల ఆలోచనను శాసిస్తుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. కానీ మరుపును అపరాధంగా చూసే అలవాటుకు ఈ నిర్మాణం అనువుగా ఉందని మాత్రం చెప్పవచ్చు. ‘చాదస్తం’ అనే మాట ఈ అలవాటుకు మరో రూపం. ఛాందస శబ్దంతో ముడిపడి, వేదం చదివినవాని పట్టుదలను సూచించిన మాట క్రమంగా ముసలివారి మాటలన్నిటికీ అంటించే చీటీగా మారింది. చెప్పిందే చెప్పడం వ్యాధి లక్షణమై ఉండవచ్చునన్న అనుమానం రావడానికి చాలా ముందే, ఇది చాదస్తమని ఇంట్లో తేలిపోతుంది. వైద్యుని దగ్గరకు వెళ్ళడంలో జరిగే ఆలస్యంలో ఈ ఒక్క మాటకు ఉన్న వాటా తక్కువది కాకపోవచ్చు.

డిమెన్షియా ఒకే వ్యాధి పేరు కాదు. జ్ఞాపకం, భాష, దారి తెలియడం, నిర్ణయం తీసుకోవడం వంటి శక్తులు క్రమంగా దెబ్బతినే స్థితికి అది పేరు; అల్జీమర్స్ వ్యాధి దానికి ప్రధాన కారణం. భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది ఈ స్థితిలో ఉన్నారని 2023లో ప్రచురితమైన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. వైద్యచరిత్రలోకి ఈ వ్యాధి ప్రవేశించిందే ఒక ప్రశ్నోత్తరాల పత్రం ద్వారా. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో అలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు ఆగస్టె డేటర్ అనే స్త్రీని పేరేమిటని, భర్త పేరేమిటని అడిగి, ఆమె తడబాట్లను రాసుకున్నాడు. 1906లో ఆ కేసును వైద్యుల సభ ముందుంచాడు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో వ్యాధికి అతని పేరు పెట్టాడు. వైద్యశాలలో పరీక్ష అవసరం. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన పరీక్షా సాధనాలు తెలుగులోనూ ఉన్నాయి. అవి రోగ నిర్ధారణకు మార్గం. చిక్కంతా వైద్యశాలలో ముగియవలసిన పరీక్ష ఇంటి వసారాలో రోజూ కొనసాగడం వద్దనే.

దుష్యంతుని సభ

మరుపు అపరాధమా కాదా అన్న ప్రశ్న తెలుగు సాహిత్యానికి ఆదిలోనే ఎదురైంది. నన్నయ ఆదిపర్వంలోని శకుంతలోపాఖ్యానంలో దుష్యంతునికి మరుపు లేదు. శకుంతలను ఎరిగి ఉండీ లోకానికి వెరచి ఎరుగనంటాడు. ఆకాశవాణి పలికిన తర్వాత ఆమెను స్వీకరిస్తాడు. ఆ కథలో ఉంగరం లేదు, శాపం లేదు. మరుపు అక్కడ కేవలం నటన. కాళిదాసు ఈ కథను తీసుకొని దుర్వాసుని శాపాన్ని, ముద్రికను చేర్చాడు. దాంతో రాజు అబద్ధాలకోరు కాకుండా పోయాడు. మరుపు అతని చేతిలో లేనిదైంది. 15వ శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు ‘శృంగార శాకుంతలము’లో భారతకథను, నాటకకథను మేళవించాడు. నాయకుని గౌరవాన్ని కాపాడటానికే కాళిదాసు శాపాన్ని కల్పించాడన్నది విమర్శకుల సాధారణ వ్యాఖ్యానం. అది సరైనదే. కానీ ఆ మార్పు వల్ల కథకు వచ్చిన మరో లాభం అంతగా చర్చకు రాలేదు. మనిషి నిజంగా మరిచిపోతే, మరిచినట్టు అతనికే తెలియకపోతే, చుట్టూ ఉన్నవారికీ అతనికీ మధ్య ఏం జరుగుతుందో చూపించే అవకాశం కాళిదాసు అయిదో అంకంలో దొరికింది.

ఆ అంకంలో శకుంతల నిజం చెబుతోంది. దుష్యంతుడూ నిజమే చెబుతున్నాడు. ఎంత తలచుకున్నా ఈమె తన భార్య అన్న సంగతి అతనికి స్ఫురించడం లేదు. సభలో అబద్ధమాడినవారు ఒక్కరూ లేరు. అయినా శార్ఙ్గరవుడు రాజును వంచకుడంటాడు, రాజు శకుంతలను మాయలాడి అంటాడు. డిమెన్షియా ఉన్న ఇళ్ళలో తరచుగా జరిగేది ఇదే. గొలుసు ఎక్కడ పెట్టిందో మరిచిన తల్లి కోడలు దొంగిలించిందంటుంది. ఆమె దృష్టిలో అది నిజం. నిన్నటి సంగతి గుర్తుంచుకొని మొన్నటిది మరిచిపోతే, "అన్నీ తెలుసు, కావాలనే చేస్తోంది" అని ఇంట్లోవారంటారు. వారి దృష్టిలో అదీ నిజమే. జబ్బు పేరు తెలిసిన తర్వాత కూడా కుటుంబాలు నన్నయ దుష్యంతునికీ కాళిదాసు దుష్యంతునికీ మధ్య ఊగిసలాడుతూనే ఉంటాయి. పొద్దున శాపగ్రస్తుడిగా కనిపించిన మనిషి సాయంత్రానికి నటుడిగా కనిపిస్తాడు. సంరక్షకుల అలసట తీవ్రమైన కొద్దీ ఈ రెండో దృష్టి బలపడుతుంది. ఆ అలసట సింహభాగం ఇంటి స్త్రీలదే అన్న సంగతిని విస్మరించి సంరక్షకుల ఓర్పు గురించి ఉపదేశించడం న్యాయం కాదు.

శాపం సంగతి ముందుగా తెలిసినవారు ఇద్దరున్నారు. అనసూయ, ప్రియంవద. శకుంతల సుకుమారి, తట్టుకోలేదని వారు ఆ సంగతిని తమలోనే దాచుకున్నారు. అత్తవారింటికి పంపేటప్పుడు మాత్రం, రాజు గుర్తుపట్టడం ఆలస్యమైతే ఉంగరం చూపించమని ఒక మాట చెప్పారు. ఎందుకు చూపించవలసి వస్తుందో చెప్పలేదు. శకుంతల ఆ ఉంగరాన్ని ప్రాణంగా కాపాడుకోకపోవడానికి, సభలో నిర్ఘాంతపోవడానికి ఈ మౌనం ఒక కారణం. రోగ నిర్ధారణను రోగి దగ్గర, బంధువుల దగ్గర, చివరికి ఊళ్ళో ఉన్న రెండో కొడుకు దగ్గర కూడా దాచే ఇళ్ళలో చెలుల ప్రేమే పనిచేస్తుంది. ఫలితమూ అలాగే ఉంటుంది. సంగతి తెలియని కొడుకు పండుగకు వచ్చి, తండ్రి తనను వేరే పేరుతో పిలవగానే నొచ్చుకొని మర్నాడే బయలుదేరిపోతాడు.

ఉంగరం పోయిన తర్వాత శకుంతల ఒక జ్ఞాపకాన్ని ఆనవాలుగా చూపబోతుంది. దీర్ఘాపాంగం అనే జింకపిల్ల రాజు చేతి నీళ్ళు తాగకుండా తన చేతి నీళ్ళు తాగిన సంగతి. అది ఇద్దరికే తెలిసిన సంఘటన. రాజు దాన్నీ స్త్రీల నేర్పరితనంగా కొట్టిపారేస్తాడు. పాత ఫొటోలు, పెళ్ళినాటి ముచ్చట్లు చెబితే జ్ఞాపకం తిరిగి వస్తుందని ఆశపడే కుటుంబాలకు ఈ ఘట్టం చేదుగా ఉంటుంది. కథ చెప్పడం వేరు, కథతో పరీక్షించడం వేరు. జింకపిల్ల కథ సభలో సాక్ష్యంగా ప్రవేశించింది. సాక్ష్యంగా ప్రవేశించిన జ్ఞాపకానికి ఒప్పుకోవడమో, కాదనడమో తప్ప వేరే గతి లేదు.

అయితే అదే అంకం మొదట్లో కాళిదాసు మరో సన్నివేశాన్ని ఉంచాడు. అంతఃపురంలో హంసపదిక పాడుతోంది. పాట విన్న దుష్యంతుని మనసు కలతపడుతుంది. ఎడబాసిన ప్రియజనులెవరూ లేకపోయినా ఈ బెంగ ఎందుకో అతనికి అర్థం కాదు. సంఘటన చెరిగిపోయింది, అనుభూతి మిగిలింది. అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో అల్జీమర్స్ ఉన్నవారికి దుఃఖభరితమైన, సంతోషకరమైన చలనచిత్ర శకలాలు చూపించారు. కాసేపటికి చూసినదేమిటో వారిలో చాలామందికి గుర్తులేదు. ఆ చిత్రాలు రేపిన దుఃఖమో సంతోషమో మాత్రం నిలిచే ఉంది. కాళిదాసు వైద్యశాస్త్రాన్ని ముందే చెప్పాడని దీని అర్థం కాదు. అలాంటి వాదాలు కవికీ శాస్త్రానికీ మేలు చేయవు. మరుపు లోపల అనుభూతి బతికి ఉంటుందన్న పరిశీలన మాత్రం ఆ నాటకంలో ఉంది. దాన్ని సంరక్షణకు అన్వయిస్తే మొదటి పేరాలోని ప్రశ్న మళ్ళీ ముందుకు వస్తుంది. మేనల్లుడు అడిగిన ప్రశ్నను ఆ వృద్ధురాలు గంటలో మరిచిపోతుంది. జవాబు చెప్పలేకపోయిన సిగ్గు, నలుగురిలో నవ్వులపాలైన బెదురు సాయంత్రం దాకా ఉండిపోతాయి. ఆమె అన్నం ముట్టకపోవడానికి, రాత్రి నిద్రపోకపోవడానికి కారణం ఎవరికీ అంతుపట్టదు.

నన్నయ శకుంతల సత్యాన్ని అన్నిటికంటె పైన నిలిపింది. సత్యవాక్యం ఎంత గొప్పదో సభలో ఆమె చెప్పిన మాటలు తెలుగువారి నీతిబోధలో భాగమైపోయాయి. మరి పదేళ్ళ కింద చనిపోయిన భర్త ఇంకా ఇంటికి రాలేదేమని అడిగే స్త్రీకి సత్యం చెప్పవలసిందేనా? చెప్పిన ప్రతిసారీ ఆమెకు అది కొత్త మరణం. టామ్ కిట్‌వుడ్ 1997లో ప్రచురించిన డిమెన్షియా గ్రంథంలో, వ్యక్తిత్వాన్ని కుంగదీసే ప్రవర్తనల జాబితాలో మోసాన్ని కూడా చేర్చాడు. అంటే అబద్ధంతో సరిపుచ్చడానికీ వీలులేదు. ఈ రెంటి మధ్య సన్నని దారి ఉంది: "ఆయన మీద బెంగగా ఉందా? ఆయనకు ఏ కూర ఇష్టం?" ఈ మాటల్లో అసత్యం లేదు, మరణవార్తా లేదు. శకుంతల చెప్పిన సత్యం సభలో నిలబడి తన హక్కు కోసం పోరాడే మనిషి సత్యం. దాన్ని మంచం పక్కకు యథాతథంగా తీసుకురావడం ఆ ఉపాఖ్యానాన్ని సరిగా చదివినట్టు కాదు.

శింశుపా వృక్షం కింద

రామాయణంలో మరిచిపోయినవాడు హనుమంతుడు. ఋషుల శాపం వల్ల తన బలం తనకు తెలియదు. సముద్రతీరాన జాంబవంతుడు అతనికి గుర్తుచేస్తాడు. ఎలా గుర్తుచేశాడన్నది ముఖ్యం. "నీ శక్తి నీకు గుర్తులేదా" అని నిలదీయలేదు. పుట్టుక దగ్గర నుంచి, సూర్యుని పండనుకొని ఎగిరిన బాల్యం మీదుగా అతని కథను అతనికే వినిపించాడు. కానీ ఈ కథకు గానీ, శాకుంతలానికి గానీ డిమెన్షియాతో పోలిక ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. రెండింటిలోనూ జ్ఞాపకం తిరిగి వస్తుంది. తిరిగిరాని మరుపుకు పురాణకథలో నమూనా దొరకడం కష్టం. ఆ కారణం చేతనే, మరుపు ప్రసక్తి లేని మరో సన్నివేశం సంరక్షణకు ఎక్కువ దగ్గరగా ఉందని ప్రతిపాదించవలసి వస్తోంది.

అది సుందరకాండలో సీతాహనుమల సమావేశం. సీత ఏమీ మరవలేదు. ఆమె భయపడి ఉంది. చుట్టూ మాయ ఉందని, ఎవరిని నమ్మాలో తెలియదని ఆమెకు తెలుసు. డిమెన్షియా ఉన్న వ్యక్తికీ ప్రపంచం చాలాసార్లు ఇలాగే కనబడుతుంది: అపరిచితమైన గది, తెలిసినవారిలా నవ్వే తెలియని మనుషులు. వాల్మీకి హనుమంతుడు చెట్టుకొమ్మల్లో దాగి చాలాసేపు ఆలోచిస్తాడు. పండితుల సంస్కృతంలో మాట్లాడితే ఈమె తనను రావణుడనుకొని బెదిరిపోతుంది. కాబట్టి మామూలు మనుషుల మాటలో మాట్లాడాలి. హఠాత్తుగా ఎదుట నిలిస్తే కేక వేస్తుంది, రాక్షసస్త్రీలు పరుగెత్తుకొస్తారు. అందుచేత ముందుగా ఆమెకు ఇష్టమైన రామకథను తీయగా, మెల్లగా వినిపించాలి. అలాగే చేస్తాడు. ఆమె తలెత్తి చూసిన తర్వాతే కిందికి దిగుతాడు. అయినా అతడు దగ్గరికి వస్తున్న కొద్దీ ఆమె అనుమానం పెరుగుతూనే ఉంటుంది. అతడు నొచ్చుకోడు. "ఇంత దూరం దాటి వచ్చిన నన్నే అనుమానిస్తావా" అనడు.

అప్పుడు సీత అతన్ని పరీక్షిస్తుంది. రాముని గుర్తులు చెప్పమంటుంది. ఈ వ్యాసం దృష్టిలో ఇదే కీలకమైన తారుమారు. ఇక్కడ పరీక్షకురాలు బెదిరిన మనిషి, పరీక్షార్థి వచ్చిన మనిషి. తానెవరో రుజువు చేసుకోవలసిన భారం వచ్చినవాని మీద ఉంది. మొల్ల రామాయణంలో హనుమంతుడు రాముని మేనిచాయ మొదలుకొని రూపాన్ని వర్ణించే సీసపద్యం చాలామందికి కంఠస్థం. దాన్ని వర్ణనా సౌందర్యానికి ఉదాహరణగానే తరగతి గదుల్లో చెబుతారు. అది భయపడిన ప్రశ్నకు ఓపికగా ఇచ్చిన జవాబన్న సంగతి మరుగున పడుతోంది. ఉంగరం ఇచ్చేది ఆ తర్వాతే. శాకుంతలంలో ఉంగరం మరుపును తేల్చే సాక్ష్యం. ఇక్కడ నమ్మకాన్ని నిలబెట్టే ఊతం. వస్తువు ఒకటే, పని వేరు.

"అత్తా, నేను నీ తమ్ముడి కొడుకును, రాజమండ్రి నుంచి వచ్చాను. నువ్వు చేసే జంతికలంటే నాకు చాలా ఇష్టం" అని తన గుర్తులు తానే చెప్పుకొని కూర్చునే మేనల్లుడు హనుమంతుని పద్ధతిలో ఉన్నవాడు. వెనక నుంచి భుజం తట్టకుండా ఎదురుగా రావడం, నిలబడి కాక ఆమె కళ్ళ ఎత్తుకు కూర్చొని మాట్లాడటం, ఒక మాటకు జవాబు వచ్చేదాకా రెండో మాట అనకపోవడం సంరక్షణ శిక్షణలో నేర్పే ప్రాథమిక విషయాలు. కొమ్మల్లో కూర్చున్న హనుమంతుడు ఆలోచించుకున్నవీ దాదాపు ఇవే.

భాష విషయంలో హనుమంతుని ఆలోచనకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. హైదరాబాద్ నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒకటి కంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు అందులో తేలింది. చదువు లేనివారిలో కూడా ఆ తేడా కనబడింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు వీధిలో కలిసి నడిచే నగరం కాబట్టి అలాంటి అధ్యయనం అక్కడ సాధ్యమైంది. వ్యాధి ముదిరినప్పుడు తర్వాత నేర్చిన భాషలు వెనుకబడి తొలి భాష ముందుకు రావడం సంరక్షకులకు తరచుగా ఎదురయ్యే అనుభవం. నలభై ఏళ్ళు చెన్నైలోనో బెంగళూరులోనో న్యూజెర్సీలోనో గడిపిన తెలుగు మనిషికి చివరి ఏళ్ళలో మిగిలేది కొన్నిసార్లు శ్రీకాకుళం మాటో పాలమూరు మాటో కావచ్చు. "జ్ఞాపకం ఉందా అండీ" అన్న మర్యాదైన వాక్యానికి కదలని కళ్ళు "యాదికున్నదా పెద్దమ్మా" అంటే కదలవచ్చు. మాండలికాల మీద తెలుగు శాఖల్లో జరిగిన విస్తృతమైన పని వైద్యశాలల వైపు అడుగు వేయకపోవడం ఒక లోటు.

అశోకవనం గురించి మరొక్క మాట. అది లంకలో అత్యంత కట్టుదిట్టమైన చోటు. సీతకు అక్కడ బయటి ప్రమాదం లేదు, ఉన్నదంతా కాపలా. వృద్ధుల భద్రత పేరుతో బయట నుంచి గొళ్ళెం పెట్టి ఉద్యోగాలకు వెళ్ళే ఇళ్ళు ఉన్నాయి. వారి నిస్సహాయతను తక్కువ చేయడానికి లేదు. తలుపు తెరిచి ఉంటే మనిషి రోడ్డెక్కే ప్రమాదం నిజం. కానీ లోపల గ్యాసు అంటుకుంటే ఆ గొళ్ళెమే ప్రాణాంతకం. గ్యాసును సిలిండరు దగ్గరే కట్టివేయడం, స్నానాలగదిలో పట్టుకొమ్మలు బిగించడం, తలుపు తీస్తే మోగే గంట కట్టడం, వీధి చివర కిరాణా కొట్టులోను ఆటోస్టాండులోను ఒక మాట చెప్పి ఉంచడం వంటి పనులు గొళ్ళెం కంటె శ్రమతో కూడుకున్నవి. కాపలా కాసేవారిలో త్రిజట లాంటి ఒక్కరున్నా ఆ చోటు స్వభావం కొంత మారుతుంది.

‘కనబడుటలేదు’

తిరిగిరాని మరుపుకు ఆధునిక సాహిత్యంలో ఒక చిన్న ప్రక్రియ ఉంది. ప్రక్రియ అంటే ఎవరూ ఒప్పుకోకపోవచ్చు. దినపత్రికలో ‘కనబడుటలేదు’ అనే శీర్షిక కింద వచ్చే ప్రకటన. దాని నిర్మాణం స్థిరమైనది: పేరు, వయస్సు, ఎత్తు, రంగు చామనచాయ, ఒంటి మీది బట్టలు, పుట్టుమచ్చలు, "మతిస్థిమితం సరిగా లేదు" అన్న వాక్యం, ఆచూకీ తెలిపినవారికి తగిన పారితోషికం. మొల్ల పద్యానికీ దీనికీ దూరపు చుట్టరికం ఉంది. రెండూ ఎదుట లేని మనిషిని ఒంటి గుర్తులతో చెప్పే ప్రయత్నాలే. తేడా అల్లా, హనుమంతుడు వర్ణిస్తున్నది వినేవారు ప్రాణంగా ఎరిగిన మనిషిని. పత్రిక వర్ణిస్తున్నది చదివేవారు ఎన్నడూ చూడని మనిషిని. "మతిస్థిమితం లేదు" అన్న మాట అన్ని మానసిక స్థితులనూ ఒకే బుట్టలో వేస్తుంది. దారి తప్పిన తాతగారు బస్టాండులో మర్యాదగా కూర్చొని, టికెట్టు ఎక్కడ కొనాలని అడుగుతుంటే, ఈయనే ఆ ప్రకటనలోని మనిషని ఎవరికీ తట్టదు. మతిస్థిమితం లేని మనిషి ఎలా ఉంటాడో జనానికి వేరే ఊహ ఉంది.

ఈ ప్రకటన భాషనే పేరుగా పెట్టుకున్న చిత్రం కన్నడంలో 2016లో వచ్చింది. హేమంత్ రావు దర్శకత్వం వహించిన ‘గోధి బణ్ణ సాధారణ మైకట్టు’ అంటే గోధుమవర్ణం, సాధారణ శరీరం. అల్జీమర్స్ ఉన్న తండ్రి వెంకోబరావుగా అనంత్ నాగ్ నటించాడు. తండ్రిని సంరక్షణ కేంద్రంలో ఉంచిన కొడుకు ఒకనాడు చూడటానికి వస్తాడు. ఆ రోజే తండ్రి తప్పిపోతాడు. వెతుకుతూ తిరిగే కొడుకుకు తండ్రి జీవితం ఇతరుల నోట కొంచెం కొంచెంగా తెలుస్తుంది. శీర్షిక విమర్శ ఇక్కడే ఉంది: ఎన్నేళ్ళు కలిసి బతికినా కొడుకు చెప్పగలిగిన గుర్తులు గోధుమవర్ణం, సాధారణ శరీరం. గుర్తుపట్టలేనిది తండ్రి ఒక్కడేనా అన్న ప్రశ్నను చిత్రం నిశ్శబ్దంగా తిప్పివేసింది. తండ్రిని నేరస్థుల కథలో ఇరికించడం ఈ చిత్రంలో బలహీనమైన భాగం. మతిమరుపు మనిషి కేవలం నడుస్తూ ఉంటే ప్రేక్షకుడు చూడడన్న భయం అందులో కనబడుతుంది. అయినా భారతీయ చిత్రాల్లో ఈ విషయాన్ని ఇంత మెత్తగా పట్టుకున్నవి కొన్నే. తెలుగులో మరుపును కేంద్రంగా పెట్టుకొని విజయం సాధించిన ‘భలే భలే మగాడివోయ్’ దానికి ఒక్క ఏడాది ముందు, 2015లో వచ్చింది. అందులో మరిచిపోయేవాడు యువకుడు, మరుపు హాస్యం, దాన్ని దాచడం కథ. అది వేరే ఉద్దేశంతో తీసిన చిత్రం. దాన్ని తప్పుపట్టడం అసందర్భం. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం తెలుగు తెరకు మరుపు ఏ రూపంలో సమ్మతమైందో తెలుస్తుంది.

ప్రకటన దగ్గరకే తిరిగి వస్తే, దాన్ని ఎవరూ తీరికగా రాయరు. మనిషి కనబడని రాత్రి, పోలీసు స్టేషను బయట నిలబడి, పదేళ్ళ నాటి పెళ్ళిఫొటో లోంచి ముఖాన్ని కత్తిరించి రాస్తారు. ఇటీవలి ఫొటో, చేతికి ఫోన్ నంబరు చెక్కిన కడియం ముందే సిద్ధంగా ఉన్న ఇళ్ళు తక్కువ. వెళ్ళినవారు తరచుగా గమ్యం లేకుండా వెళ్ళరు. పాత ఇంటికో, పదవీ విరమణ చేసిన ఆఫీసుకో, పుట్టింటికి బస్సు దొరికే చోటుకో బయలుదేరతారు. వారి లెక్కలో అది దారి తప్పడం కాదు, ఇంటికి వెళ్ళడం. జీవితకథ తెలిసినవారు వెతికే చోట్లు వేరుగా ఉంటాయి. చిన్నతనంలో పిలిచిన ముద్దుపేరుకు తప్ప మరే పేరుకూ పలకని దశ ఒకటుంటుంది. పిలిస్తే ఏ పేరుకు పలుకుతారు, ఏ భాషలో పలుకుతారు, ఏ దారి పట్టి ఉంటారు అనే మూడు గుర్తులకు ‘కనబడుటలేదు’ ప్రకటనలో ఇప్పటికీ గడి లేదు. పుట్టుమచ్చలకు ఉంది.